మే నెలలో రణ్‌కు పొమ్మంటారా సార్?

ఎడిటర్ గారికి నమస్కారం.

రెండు వారాల కింద మీ ఆదివారం అనుబంధంలో 'ఈ ఎండాకాలం వేరే లోకానికి పోదామా' అని రెండు పేజీల వ్యాసం వేశారు. ఎడమ పేజీ నిండా లద్దాఖ్, కుడి పేజీ నిండా గుజరాత్‌లోని ఉప్పు బయలు, కచ్ రణ్. కింద పట్టిక గీసి 'మీ ఓటు దేనికి?' అని అడిగారు. ఆ పేజీలు ఇప్పటికీ మా ఫ్రిజ్ తలుపుకు అతికించి ఉన్నాయి. పదిహేను రోజులుగా ఇంట్లో ఓట్లు పడుతూనే ఉన్నాయి, లెక్క మాత్రం తేలడం లేదు.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. గోదావరిఖనిలో ముప్పై మూడేండ్లు బొగ్గుబాయి పని చేసి, ఓవర్‌మన్‌గా, అంటే బాయి లోపల పని చూసే సూపర్‌వైజర్‌గా రిటైరై, ఇప్పుడు హన్మకొండలో ఉంటున్నాను. పత్రికకు ఉత్తరం రాయడం ఇది మూడోసారి. మొదటి రెండూ మా గల్లీ మోరీ గురించి. రెండూ అచ్చయ్యాయి. మోరీ అట్లనే ఉంది.

ముందు మీ వ్యాసంలోని పొరపాటు చెప్తాను, ఏమనుకోకండి. ఎండాకాలం పేరు పెట్టి ఈ రెండింటినీ పక్కపక్కన వేయడం, ముంజలూ రేగుపండ్లూ ఒకే గంపలో పోసి ఏది కావాలో ఏరుకోమన్నట్టుంది. ముంజలు ఎప్పుడొస్తాయో, రేగుపండ్లు ఎప్పుడొస్తాయో తెలియనివాడు ఎవడూ ఉండడు కదా. లద్దాఖ్ ఎండాకాలపు కాయ. శ్రీనగర్ నుంచి వచ్చే దారి, మనాలి నుంచి వచ్చే దారి మంచు తీసేశాకనే నడుస్తాయి, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నిబ్బరంగా తిరగొచ్చు. రణ్ సంక్రాంతి కాలపు పండు. మే నెలలో అక్కడ ఉప్పు ఉంటే ఉండొచ్చు, మనిషి ఉండలేడు. మన రామగుండం ఎండ తిన్నవాణ్ని నేను, అయినా చెట్టు నీడ కూడా లేని ఆ తెల్లటి బయలులో మిట్టమధ్యాహ్నం నిలబడమంటే నిలబడను.

రణ్‌కు ఏడాదిలో మూడు వేషాలు. వాన కాలంలో అరేబియా సముద్రపు నీళ్లు కోరీ క్రీక్ అనే సముద్రపు పాయ గుండా లోపలికి వస్తాయి, లూణీ లాంటి నదుల నీళ్లు అటు నుంచి వచ్చి కలుస్తాయి. నేల పళ్లెంలా చదునుగా ఉండటంతో ఆ నీళ్లు మోకాలు లోతున మైళ్ల కొద్దీ పరుచుకుంటాయి. దసరా దాటాక నీళ్లు ఇంకి, ఆవిరై, బురద మీద ఉప్పు పొర కడుతుంది. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మీ ఫొటోలో ఉన్న తెలుపు అదే. ఆ తర్వాత ఎండ. రణ్ అంచున ధోర్డో అనే ఊరి దగ్గర యాత్రికులకు వేసే గుడారాలు కూడా నవంబర్‌లో లేచి ఎండలు ముదిరేలోపే మూటగట్టుకుంటాయి. ఈ ఒక్క ముక్క మీ పట్టికలో లేదు. తిండి బాగుంటుందా, సెల్ఫీకి చోటుందా అని మాత్రం గడులు కట్టి మరీ రాశారు.

ఇక మా ఇంటి పంచాయితీ. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా పిల్లగాడు ఫోన్‌లోనే తీర్పు చెప్పాడు: "బాపూ, లద్దాఖ్ ముంగట ఇంకేది నిలవదు." నాతో పాటు బాయిలో పనిచేసి, మా వెనక గల్లీలోనే ఇల్లు కట్టుకున్న దోస్తుదీ అదే మాట. ఆయనకు ఈసారి లద్దాఖ్‌లోని హాన్లే అనే ఊరికి పోవాలని ఉంది. అక్కడ చుక్కలు బాగా కనబడతాయని ఆ చుట్టుపక్కల రాత్రిపూట దీపాల వెలుతురు మీద కట్టడి పెట్టారు, పెద్ద దుర్బిణీ కూడా ఉంది. "నైట్ షిఫ్టు దిగి సైకిల్ మీద ఇంటికొచ్చేటప్పుడు చూసిన చుక్కలు, మళ్ల గట్లాంటివి చూడకుంటనే పోతమా అన్నా?" అంటాడు. కాదనలేని మాటే. మా ఇంటావిడ రెండు ఫొటోలూ అద్దాలు పెట్టుకుని చూసి, "అటు సూస్తె చెట్టు లేదు, ఇటు సూస్తె చెట్టు లేదు. గిదేం యాత్రయ్యా, ఉన్న పైసలు పెట్టి లేని తావుకు పోవుడు?" అంది.

నాకు రెండూ ఒకటి కావు. ఎందుకంటే లద్దాఖ్ ఒకసారి చూశాను, చూసి భయపడ్డాను కూడా. మీ వ్యాసం రాసినాయన లద్దాఖ్‌లో పెద్ద ఊరైన లేహ్‌లో 'ఆక్సిజన్ శాతం తక్కువ' అని ఒక్క వాక్యం రాసి దాటేశారు. ఆ వాక్యం తప్పు. దాని గురించి కాస్త విడమరిచి చెప్పనివ్వండి. గాలి సంగతి మా వృత్తి.

2018 ఆగస్టులో మేం నలుగురం, అందరం బాయి వాళ్లమే, హైదరాబాద్ నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి లేహ్ విమానంలో దిగాం. మన హన్మకొండ సముద్రమట్టానికి మూడు వందల మీటర్లకు అటూ ఇటూ. లేహ్ 3,500 మీటర్లు. అంటే ఒక పగలు తిరక్కముందే మూడు కిలోమీటర్ల పైకి ఎక్కేశామన్నమాట. దిగిన చోట ఇంటి యజమాని లద్దాఖీ, 'జులే' అని నవ్వుతూ పలకరించి, రెండు రోజులు మెదలకుండా పడుకోండి, నీళ్లు తాగుతూ ఉండండి అని హిందీలో చెప్పాడు. మేం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. "గాలాడని తావుల ముప్పై ఏండ్లు పనిచేసినోళ్లం, మాకేమైతది" అన్నాడు మా దోస్తు. సాయంత్రం బజారంతా తిరిగాం. రాత్రి తల పగిలిపోయింది నాకు. పడుకుంటే ఊపిరి మధ్యలో ఆగినట్టయి ఉలిక్కిపడి లేవడం, మళ్లీ పడుకోవడం, మళ్లీ లేవడం.

తెల్లారి బుద్ధి ఉన్నవాళ్లైతే ఆగేవాళ్లు. మేం బండి మాట్లాడుకుని ఖర్దుంగ్ లా అనే కొండ కనుమ ఎక్కాం. లేహ్ నుంచి నలభై కిలోమీటర్లే. పైన పసుపు బోర్డు మీద చాలా ఏండ్లు 18,380 అడుగులు అని రాసి ఉండేది. కొత్త కొలతల ప్రకారం అది 5,359 మీటర్లు, అంటే పదిహేడున్నర వేల అడుగుల పైచిలుకు. బోర్డు దగ్గర ఫొటో దిగుతుంటే మా దోస్తు మాట తడబడింది. చూస్తే పెదవులు నీలంగా ఉన్నాయి, నేరేడుపండ్లు తిన్నట్టు. అక్కడి మిలిటరీ వాళ్ల గదిలో కూర్చోబెట్టి మాస్కు పెట్టారు. ఆ సిపాయి పిల్లగాడు మనుమడి వయసు వాడు, ఒక్క మాట కూడా కసురుకోలేదు. పావుగంటకు రంగు తిరిగింది. అంతే, బండి వెనక్కి తిప్పి కిందికి దిగాం. కొండ జబ్బుకు అన్నిటికన్నా మంచి మందు కిందికి దిగడమే అని తర్వాత డాక్టర్ చెప్పాడు.

ఇప్పుడు గాలి లెక్క. బాయిలో మేం పని చేసే చోట ఆక్సిజన్ 19 శాతం కన్నా తగ్గకూడదని రూలు. ఇంకా తగ్గుతూ పోతే సేఫ్టీ ల్యాంపులో మంట కుంచించుకుపోయి ఆరిపోతుంది. అది చూసి మనుషుల్ని వెనక్కి పంపేవాళ్లం. లేహ్‌లో అట్లా కాదు. అక్కడా ఆక్సిజన్ 21 శాతమే, మన హన్మకొండ చౌరస్తాలో ఎంతో అంతే. గాలే పల్చన. లేహ్‌లో గాలి ఒత్తిడి సముద్రం ఒడ్డున ఉన్నదానిలో మూడింట రెండు వంతులు ఉంటుంది, ఖర్దుంగ్ లా మీద సగానికి కాస్త ఎక్కువ. పాలలో నీళ్లు కలిపినట్టు కాదు, గ్లాసే సగం నింపి ఇచ్చినట్టు. ఇందులో ఇంకో తమాషా ఉంది. బాయిలో కిందికి దిగిన కొద్దీ గాలి ఒత్తిడి పెరుగుతుంది. అంటే మేం నలుగురం ముప్పై ఏండ్లు పూర్తిగా ఎదురు దిక్కున అలవాటు చేసుకున్నామన్నమాట. ఈ సంగతి ఖర్దుంగ్ లా నుంచి దిగేటప్పుడు నాకు తట్టింది. పైకి చెప్పలేదు, ఎవరికీ నవ్వే ఓపిక లేదు.

అంత మాత్రాన లద్దాఖ్‌ను తీసిపారేస్తున్నానని అనుకోకండి. రెండు రోజులు బుద్ధిగా పడుకుని లేచాక లామాయూరు పోయాం. ఎత్తు ఇంచుమించు లేహ్ అంతే, కనుక ప్రాణాలు తేలిగ్గా ఉన్నాయి. మీరు 'చంద్రమండలం' అని రాసింది దాన్నే. పసుపుపచ్చటి మట్టి గుట్టలు, మడతలు మడతలుగా, మైనం కారి గట్టిపడ్డట్టు. మా దోస్తు బండి దిగి నడుము మీద చేతులు పెట్టుకుని చూసి, "ఇన్ని పైసలు పోసి మళ్ల ఓసీపీ మట్టిదిబ్బల కాడికే వచ్చినమా" అన్నాడు. అందరం కడుపుబ్బ నవ్వాం. గోదావరిఖని చుట్టూ ఓపెన్‌కాస్టు మట్టికుప్పలు చూసినవాళ్లకు ఆ నవ్వు అర్థమవుతుంది. కానీ దగ్గరికి పోయి చేత్తో ముట్టుకుంటే అది వేరే మట్టి. మెత్తటి ఒండ్రు. ఒకప్పుడు అక్కడ చెరువు ఉండేదట. నీళ్లు వెళ్లిపోయాయి, అడుగున పేరుకున్న ఒండ్రు మిగిలింది, దాన్ని గాలీ నీరూ చెక్కాయి. మేం బాయి కప్పులో మెత్తటి రాయి పొరల మీద ఆకుల అచ్చులు చూసేవాళ్లం, ఈనెలతో సహా, నిన్న రాలినంత స్పష్టంగా. ఇరవై అయిదు కోట్ల ఏండ్లకు మునుపటి ఆకులని సర్వే ఆఫీసర్ ఒకాయన చెప్పేవాడు. లామాయూరులో నాకు ఆ ఆకులే యాదికొచ్చాయి.

మీ వ్యాసంలో నాకు నచ్చింది 'వేరే లోకం' అన్న మాట ఒక్కటే. కానీ ఆ లోకం దేనితో అయిందో చెప్పలేదు. లద్దాఖ్ ఒకప్పటి సముద్రపు అడుగు. మన భూభాగం దక్షిణాన్నుంచి వచ్చి ఆసియాకు గుద్దుకుంటే నడుమ ఉన్న సముద్రం మూసుకుపోయి, అడుగున ఉన్న రాయి పైకి లేచింది. రణ్ కూడా ఒకప్పటి సముద్రపు పాయే, పూడుకుపోయింది. ఒకటి లేచి నిలబడ్డ సముద్రం, ఒకటి పడుకున్న సముద్రం. ఈ మాట చెప్తే మా ఇంటావిడ చప్పున అడిగింది, మరి ఆ కొండ మీది నీలపు చెరువు నీళ్లు తాగొచ్చా అని. పాంగాంగ్ గురించి. 4,200 మీటర్ల పైన ఉన్నా దానివి ఉప్పు నీళ్లే, బయటికి పోయే దారి లేక ఉప్పంతా అందులోనే పోగయింది అన్నాను. "అక్కడ ఉప్పే, ఇక్కడ ఉప్పే. ఉప్పు కోసమైతే గుట్టెందుకు ఎక్కుడు?" అంది. ఆ ఒక్క ప్రశ్నతో ఒక ఓటు రణ్ వైపు పడింది. ఆమెకు బీపీ ఉంది, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. డాక్టర్‌ను అడగకుండా ఆమెను లేహ్ తీసుకుపోయే ధైర్యం నాకు లేదు, ఖర్దుంగ్ లా మీద ఆ నీలపు పెదవులు చూశాక.

నా ఓటుకు కారణాలు వేరే. నేను చీకటి చూసినవాణ్ని. బాయిలో కేప్ ల్యాంపు ఆర్పితే కన్ను తెరిచినా మూసినా ఒకటే. కొత్తగా దిగిన పిల్లలకు ఒక నిమిషం అది చూపించేవాళ్లం, భయం పోవాలని. అట్లాంటివాడికి రాత్రిపూట కూడా నేల తెల్లగా కనిపించే చోటు ఉందంటే చూడాలని ఉండదా? నిండు పున్నమికి రణ్ మీద దీపం లేకుండా నడవొచ్చంటారు. దీపం లేకుండా నడిచే రాత్రి కోసం నేను నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో అహ్మదాబాద్ దాకా కూర్చోవడానికి సిద్ధమే. వరంగల్‌లో ఎక్కితే అక్కడే దిగడం, అక్కడి నుంచి రాత్రి బండికి కచ్‌లోని భుజ్. భుజ్ నుంచి ధోర్డో ఎనభై కిలోమీటర్లు. మధ్యలో పర్మిట్ తీసుకోవాలి, సరిహద్దు దగ్గర కదా.

రెండో కారణం అగరియాలు, ఉప్పు పండించే వాళ్లు. వీళ్ల పేరే మీ వ్యాసంలో లేదు. దేశంలో తయారయ్యే ఉప్పులో నాలుగు పాళ్లకు మూడు పాళ్లు గుజరాత్‌దే. కచ్ రణ్‌లోనే వేరే భాగమైన చిన్న రణ్‌లో అగరియా కుటుంబాలు వానలు వెనక్కి తగ్గగానే దిగుతాయి. బావి తవ్వి, భూమిలోని ఉప్పునీళ్లు పైకి తోడి, మడులు కట్టి, కాళ్లతో తొక్కి, దంతెలతో గీసి ఉప్పు తీస్తారు. మళ్లీ వానలొచ్చేదాకా, ఏడెనిమిది నెలలు, అక్కడే గుడిసెల్లో కాపురం. ముందు డీజిల్ పంపులు, ఇప్పుడు చాలాచోట్ల సోలార్ పంపులు. వాళ్ల పాదాలు ఉప్పు పీల్చి పీల్చి ఎంత బిగిసిపోతాయంటే, చనిపోయాక చితిలో ఒళ్లంతా కాలినా పాదాలు తొందరగా కాలవని అక్కడ చెప్పుకుంటారట. అది చదివినరోజు నేను చొక్కా చేయి పైకి మడిచి నా మోచేతి కింది మచ్చ చూసుకున్నాను. బొగ్గు గీసుకున్న గాయం మానేటప్పుడు లోపల పొడి ఉండిపోతే మచ్చ నీలంగా పడుతుంది, పచ్చబొట్టులాగ, ఇక పోదు. బాయి వాళ్లను చేతులు చూసి గుర్తుపట్టొచ్చు. వాళ్లను కాళ్లు చూసి గుర్తుపడతారన్నమాట. ధోర్డోలో గుడారాల పక్క ఫొటో దిగి వచ్చేస్తే ఆ కాళ్లు కనబడవు. చిన్న రణ్ దిక్కు కూడా ఒక రోజు పెట్టుకోవాలి, అడవి గాడిదలున్నదీ అటే.

మూడోది వరంగల్ వాళ్లందరికీ చెప్పాల్సింది. 2021 జులైలో మన రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చిన రోజు పాలంపేటలో టపాసులు కాల్చుకున్నాం. సరిగ్గా రెండు రోజులకు అదే సభలో ఇంకో మన దేశపు చోటుకు గుర్తింపు వచ్చింది: కచ్‌లోని ధోలావీరా. ఒక విధంగా కవల పిల్లలే. నాలుగైదు వేల ఏండ్ల కిందటి హరప్పా వాళ్ల ఊరు, చుట్టూ రణ్, నడుమ దిబ్బ. రెండు వాగులు ఉండేవి, వానల్లో తప్ప పారవు. ఆ వాగులకు అడ్డుకట్టలు వేసి, నీళ్లను ఊరి చుట్టూ రాతిలో తొలిచిన పెద్ద పెద్ద తొట్లలోకి మళ్లించి, ఒకటి నిండితే ఇంకోదాంట్లోకి పంపేవాళ్లు. పాకాల, లక్నవరం, రామప్ప చెరువుల నీళ్లు తాగి పెరిగినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. కాకతీయుల వాళ్లు కట్టింది చూశాం, అంతకు మూడు నాలుగు వేల ఏండ్ల ముందటి మేస్త్రీలు ఎట్లా కట్టారో చూడాలని నాకు లద్దాఖ్ చుక్కల కన్నా ఎక్కువ ఆశ. ఖావ్డా అనే ఊరి నుంచి ధోలావీరాకు రణ్ నడుమ నుంచి తిన్నగా రోడ్డు వేశారు, రెండు పక్కలా తెలుపేనట.

భుజ్ పేరు వింటే మా తరానికి ఇంకోటి కూడా గుర్తొస్తుంది. 2001 జనవరి 26. బాయి ఆఫీసు ముందర జెండా ఎగరేసి లడ్డూలు పంచుకుని ఇంటికొస్తే టీవీలో భూకంపం. నేల కింద పనిచేసేవాళ్లకు నేల కదిలిన వార్త ఎట్లా వినబడుతుందో మీకు చెప్పలేను. చనిపోయినవాళ్ల గుర్తుగా భుజియా గుట్ట మీద స్మృతివనం కట్టారు. దాని దగ్గర ఒక పూట కూర్చోవాలి.

మా ఇంటావిడ ఓటు పూర్తిగా పడింది మాత్రం వీటిలో దేనికీ కాదు, ద్వారకకు. పటంలో కచ్ కింద అఖాతం, అఖాతం అవతల ద్వారక కనబడేసరికి "గీ ముచ్చట ముందే చెప్తె అయిపోవు కదా" అంది. అఖాతం చుట్టూ తిరిగి రోడ్డు మీద పోవాలి, నాలుగొందల కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఆ అలుపు నాకు తెలుసు. చెప్పలేదు. దోస్తు మాత్రం మెత్తబడలేదు. హాన్లే ఊరు లేహ్ కన్నా ఎత్తున ఉంటుంది, ఈసారైనా రెండు రోజులు పడుకుని, ఆగుకుంటూ, శ్రీనగర్ మీదుగా రోడ్డున పొమ్మని చెప్పాను. డాక్టర్‌కు చూపించుకుని మందులు అడిగి మరీ పొమ్మన్నాను. తలకాయ ఊపాడు. 2018లో కూడా ఇట్లనే ఊపాడు.

అందువల్ల ఎడిటర్ గారూ, నా మనవి ఒక్కటే. ఇట్లాంటి పేజీలు వేసేటప్పుడు 'ఓటు' గడి తీసేసి, దాని జాగాలో నెల, ఎత్తు, దగ్గర్లో ఆస్పత్రి ఎంత దూరం, పర్మిట్ కావాలా వద్దా, ఇవి వేయండి. అరవై దాటినవాళ్లమే మీ ఆదివారం అనుబంధం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేది. పిల్లలు ఫోన్‌లో చూసుకుంటారు.

మేం మార్గశిర పౌర్ణమికి పోదామనుకుంటున్నాం, కుదరకపోతే పుష్య పౌర్ణమి. పున్నమి రోజుల్లో గదులు ముందే నిండిపోతాయట, రైలు రిజర్వేషనేమో అరవై రోజుల ముందు గానీ తెరవరు, అందుకని పంచాంగమూ క్యాలెండరూ రెండూ ముందర పెట్టుకుని కూర్చున్నాం. నిన్న రాత్రి మా ఇంటావిడ మడిమలకు వ్యాజిలిన్ రాసుకుంటూ ఒకటి అడిగింది: ఉప్పు మీద ఒట్టి కాళ్లతో నడిస్తే పగుళ్లకు మండుతుందా, బూట్లు కొనుక్కోవాలా? నాకు తెలియదు, మీ వ్యాసంలోనూ లేదు. పోయి వచ్చినవాళ్లెవరైనా ఉంటే ఈ శీర్షికకే రాయమని ప్రకటించగలరు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఓవర్‌మన్,
హన్మకొండ.
(పేరు వేయవద్దని మనవి. దోస్తు కూడా మీ పేపరే చదువుతాడు.)